గాలి నేర్పిన పాఠము

పాఠశాల వార్షిక సంచికకు ఏదేని వ్రాసి పంపుమని సంపాదకవర్గమువారు పూర్వవిద్యార్థులమగు మమ్ము కోరిరి. ఏమి వ్రాయుదుమా యని కొన్నిదినములు ఆలోచించితిమి. మేము కవులము కాము; దేశాటనము చేసినవారమును కాము. కట్టడముల లెక్కలు పిల్లలకు బోధించుచు ముప్పది యేండ్లు గడపినవారము. అయినను మాకు తెలిసిన విషయ మొకటి కలదు. అది గాలి. ఆ గాలినిగూర్చి జీవితమంతయు పరిశోధించిన యొక ఆచార్యుని కథను, దానితో ముడిపడిన మా యింటి కథను చెప్పుదము. మా కథలో మాకు గొప్పతన మేమియు లేదు. చెప్పవలసిన బాకీ యొకటి మాత్రము కలదు.

మా గ్రామము మేడ్చలునకు, శామీర్‌పేటకు నడుమ నున్నది. మా చిన్ననాట నచ్చట నిన్ని మేడలు లేవు. ద్రాక్షతోటలు, వాని పందిళ్ల రాతికూసములు, జొన్నచేలు, నడుమనడుమ కోళ్లఫారములు నుండెడివి. గాలి మాకు శత్రువని యెవ్వరును తలపలేదు. కల్లములో ధాన్యము తూర్పారబట్టునప్పుడు పెద్దలు చేటలు పైకెత్తి గాలికై కనిపెట్టుకొని యుండెడివారు. గాలి వచ్చినచో పొల్లు పోయి గింజ నిలిచెడిది. సంక్రాంతినాడు పతంగి నేలదగ్గర తడబడి తలక్రిందులై పడెడిది. చెట్లకొనలు దాటినంతనే నిలుకడగా నిలిచి దారమును గుంజెడిది. శామీర్‌పేట చెఱువుకట్టమీద నిలువబడిన మా చొక్కాలు రెపరెపలాడెడివి. తోటలోనికి వచ్చిన వెంటనే చెమట పోసెడిది. ఇవన్నియు పాఠములే యని నా డెవరెఱుగుదురు?

మాకు పదుమూడేండ్లు నిండిన సంవత్సరమున మా నాయన అప్పు చేసి నూరడుగుల పొడవు, ఇరువదడుగుల వెడల్పుగల కోళ్లషెడ్డు కట్టించెను. ప్రక్కల మోకాటియెత్తు గోడ, పైన జాలి, ఆపైన ఇనుప రేకులు. చలికి వానకు అడ్డముగా జాలివెంబడి గోనెపరదాలు. రేకులు వేయుటకు చెఱువుప్రక్క యూరినుండి యొక మేస్త్రి వచ్చెను. ఆయన పేరు ఇచ్చట వ్రాయము, ఎఱిగినవారు ఎఱుగుదురు. రేకులను దూలములకు బిగించు కొక్కెపు బోల్టులు తక్కువగానున్నవని ఆయన రెండవనాడే చెప్పెను. సామాను అందించుచు మేము ప్రక్కనే యుంటిమి. ఆయన మాటలు ఇప్పటికిని మా చెవిలో నున్నవి.

“పటేలా, నడుమ తక్కువైతే అయింది గాని, కొసలకు, మూలలకు కొక్కేలు దగ్గర దగ్గర వెయ్యాలె. గాలి మూలనే పట్టుకుంటది.”

మా నాయన నవ్వి, “ఇంత బరువున్న రేకును గాలి ఏం చేస్తది? ఉన్నవాటితోనే సర్దు” అనెను. ఆయన లోభి కాడు. చేతిలో డబ్బయిపోయినది, కోడిపిల్లలు మరి నాలుగు దినములలో రానున్నవి. మేస్త్రి మరియొకమాఱు చెప్పి చూచి, ఉన్న కొక్కెములను రెండు రంధ్రముల కొకటి చొప్పున సమముగా పంచి పని ముగించెను.

వైశాఖమాసము. సాయంకాలము నాలుగు గంటలకు పడమట ఆకాశము నల్లబడినది. ఎఱ్ఱదుమ్ము లేచినది. ఆ వెనుక ఒక్కసారిగా చల్లనిగాలి కొట్టినది. అమ్మ పరుగున పోయి తూర్పుప్రక్క పరదాలు దింపినది. పడమటి పరదాలు అంతకు పూర్వమే త్రాళ్లు తెగి యెగిరిపోయినవి. మేము చెల్లెలిని తీసికొని వాకిట నిలిచియుంటిమి. షెడ్డు వాయవ్యమూల రేకొకటి పుస్తకములోని పుటవలె లేచి ఆడినది. తరువాత దాని ప్రక్కది. ఆపై కాగితములు చించినట్లు వరుసగా రేకులు లేచిపోయినవి. అందొకటి మా వాకిటికే వచ్చి పడి, దాని యంచు చెల్లెలి నుదుటికి తగిలెను. దైవకృపచే కన్ను దక్కినది. మచ్చ మాత్రము నేటికిని నున్నది. ఆ వెనుక వాన కురిసెను. వేయి కోడిపిల్లలలో ఉదయమునకు మిగిలినవి కొన్నే.

మరుదినము నలుగురు పెద్దలు కూడిరి. మేస్త్రిని పిలిపించిరి. బిగింపు సరిగా లేదని యందఱు ననిరి. మా నాయనయు మాటాడలేదు. అప్పులవాడు ముంగిట నిలిచియుండగా తన తప్పని యొప్పుకొను ధైర్య మాయనకు చాలలేదు కాబోలు. మేస్త్రికి ఇంకను ఈయవలసిన కూలి నూటయిరువది రూపాయలు ఆపివేసిరి. ఆయన మావైపు చూచెను. కొక్కెములనుగూర్చి తాను చెప్పిన మాట విన్నవారు ఇద్దఱే: మా నాయన, మేము. మేము తల వంచుకొంటిమి. పిల్లవానిని ఎవ్వరు నడుగలేదు, నిజమే. కాని అడుగకపోయినను చెప్పవలసిన మాటలు కొన్ని యుండును. ఆ సంగతి మాకప్పుడు తెలియకపోలేదు.

వేసవి సెలవులు గడచి పాఠశాల తెఱచిన పిదప, గాలి రేకును లోపలికి నెట్టక పైకేల లేపినదని మా సైన్సు అయ్యవారి నడిగితిమి. ఆయన వ్రాతపుస్తకమునుండి వ్రేలెడు వెడల్పు కాగితపుముక్క చింపి, దాని కొస పెదవిక్రింద పట్టుకొని పైనుండి ఊదెను. వ్రేలాడుచున్న కాగితము క్రిందికి పోవుటకు మారుగా పైకి లేచినది. “గాలి నెట్టును, పీల్చును గూడ. మీ యింటికప్పును నెట్టినది తక్కువ, పీల్చినది యెక్కువ” అని చెప్పెను. విద్యార్థులారా, మీరును ఇప్పుడే ఒక కాగితము చింపి ఊది చూడుడు. మా చదువు ఆ కాగితపుముక్కతో మొదలయినది.

ఆ తరువాత మేము ఇంజనీరింగు చదివి, కళాశాలలో ఉపాధ్యాయులమైతిమి. అప్పుడే ఆచార్య అలన్ డావెన్‌పోర్టుగారి పరిచయము, గ్రంథములద్వారా మాత్రమే, కలిగినది. ఆయన 1932 సెప్టెంబరు 19న మన మదరాసు పట్టణముననే జన్మించెను. నాడు మన కోస్తాజిల్లాలును ఆ మదరాసు రాజధానిలోనివే గదా! కొంతకాలము దక్షిణాఫ్రికాలో చదివి, కేంబ్రిడ్జిలో యంత్రశాస్త్రము నభ్యసించి, కెనడాలోని టొరాంటోలో పైచదువు చదివి, 1961లో ఇంగ్లండులోని బ్రిస్టలు విశ్వవిద్యాలయమున డాక్టరు పట్టమొందెను. ఆ యేటనే కెనడాలోని వెస్టర్న్ అంటారియో విశ్వవిద్యాలయమున ఆచార్యత్వమునకు చేరి, తుదివరకు నచ్చటనే పనిచేసి, 2009 జులై 19న కాలధర్మము నొందెను.

ఆయన యేమి చేసెనో తెలియవలెనన్న, అంతకు పూర్వ మెట్లుండెనో తెలియవలెను. స్కాట్లండులో టే నదిపై కట్టిన రైలువంతెన 1879 డిసెంబరు 28 రాత్రి తుపానులో రైలుతోగూడ కూలిపోయెను. పలువురు మరణించిరి. వంతెన కట్టిన ఇంజనీరు గాలియొత్తిడిని ప్రత్యేకముగా లెక్కింపలేదని విచారణలో తేలినది. అప్పటినుండి ఇంజనీర్లు గాలిని లెక్కలోనికి తీసికొనిరి. కాని దానిని గోడపై నొకేతీరుగ నొత్తు బరువుగానే భావించిరి. డెన్మార్కు దేశమున కోపెన్‌హేగనులో ఇర్మింగరను గ్యాసు కర్మాగారపు ఇంజనీరు, పొగగొట్టము సహజముగ పీల్చు గాలినే వాడుకొని, చిన్న యింటిబొమ్మలపై 1890 ప్రాంతములలో పరీక్షలు చేసెను. ఇంటికప్పును గాలి పైకి పీల్చునని అందు కనుగొనెను. మా అయ్యవారి కాగితపుముక్క చెప్పిన సంగతియే యిది.

1940 నవంబరు 7న అమెరికాలో టకోమా యను చోట క్రొత్త వ్రేలాడువంతెన గంటకు సుమారు 65 కిలోమీటర్ల గాలికే మెలికలు తిరిగి తెగి పడెను. ప్రారంభోత్సవమై నాలుగు నెలలే యయ్యెను. అంతకంటె పెద్ద గాలికి నిలుచునని లెక్కకట్టిన వంతెన యది. గాలి బరువుచేత కాదు, ఊపుచేత అది కూలినది. ఉయ్యాలను సమయ మెఱిగి మెల్లగ త్రోసినను ఎంత యెత్తునకు పోవునో పిల్లలకు తెలియును.

డావెన్‌పోర్టుగారు పట్టుకొన్న రహస్య మేమనగా, గాలి నిలుకడయైన ప్రవాహము కాదు. అది తెఱలు తెఱలుగ వచ్చును. ఒక్కొక్క విసురు ఒక్కొక్క బలముతో నుండును. రేపటి విసురు ఇంతయని ఎవ్వరును చెప్పజాలరు. కాని అనేక సంవత్సరముల కొలతలు చేర్చి, ఏ బలముగల గాలి యెన్ని యేండ్ల కొకమాఱు వచ్చునో సంభావ్యతచేత చెప్పవచ్చును. 1961లో ఆయన ప్రకటించిన వ్యాసము ఈ గణితమును కట్టడములకు వర్తింపజేసినది. మఱియు నేల గరుకుదనము ననుసరించి గాలివేగము ఎత్తుతో నెట్లు పెరుగునో ఆయన లెక్క కట్టెను. బయలునేలపై సుమారు 275 మీటర్ల యెత్తునకు గాలి నేలయొక్క ఆటంకమునుండి విడివడును. తోటలు, చిన్నయిండ్లుగల చోట్ల 400 మీటర్లకు. మహానగరముపై 520 మీటర్లకు. మా పతంగి చెట్లకొనలు దాటి ఏల నిలిచెనో, చెఱువుకట్టమీద చొక్కా యేల రెపరెపలాడెనో ఆ అంకెలలో మాకు కనబడినది. చెఱువునీటిపై గాలికి అడ్డులేదు. తోటలో ప్రతికొమ్మయు దాని కాళ్లు పట్టుకొనును.

1965లో ఆయన తన విశ్వవిద్యాలయమున గాలిసొరంగ మొకటి నెలకొల్పెను. విమానములకొరకు కట్టిన సొరంగములలో గాలి నున్నగా పోవును. ఈయన కట్టినది అటువంటిది కాదు. పొడవైన నేలపై దిమ్మెలు పేర్చి, గాలిని నిజమైన ఊరిమీదుగ వచ్చునట్లు చెదరగొట్టి, చివర తిరుగుడుబల్లమీద కట్టడపు నమూనాను నిలిపెడివాడు. నమూనాకు సూదిబెజ్జము లుండును. ఒక్కొక్క బెజ్జమునుండి సన్నని గొట్టము ఒత్తిడిని కొలుచు పరికరమునకు పోవును. బల్లను త్రిప్పుచు అన్ని దిక్కుల గాలిని చూచెదరు. అమెరికాలో కొలరాడో రాష్ట్ర విశ్వవిద్యాలయమున (కొలరాడో స్టేట్ యూనివర్సిటీ) ఆచార్య జాక్ సెర్మాకుగారును ఇట్టి కృషియే చేయుచుండిరి. న్యూయార్కులో 110 అంతస్తుల వాణిజ్యకేంద్రపు జంటమేడలకు, చికాగోలో 442 మీటర్ల సియర్సు మేడకు, టొరాంటోలో 553 మీటర్ల సి.ఎన్. స్తంభమునకు డావెన్‌పోర్టుగారి పరిశోధన తోడ్పడినది. మన సమీపముననున్న మెదకు దేవాలయమును తలచుకొనుడు. 1924లో ప్రతిష్ఠింపబడిన ఆ దేవాలయపు గంటగోపురము 175 అడుగుల యెత్తుగలది. రాతిబరువే దానికి రక్ష. ఉక్కుతో కట్టిన నూరంతస్తుల మేడకు అట్టి బరువు లేదు. అది గాలికి ఊగును. ఎంత యూగవచ్చును, అందున్న మనుష్యునకు తల తిరుగకుండ ఎట్లాపవలెను అనునది లెక్కకు తేలవలసిన విషయము.

ఆయన విద్యార్థులకు చెప్పుచుండిన ఉపమానమొకటి మాకు మిక్కిలి ప్రియమైనది. గాలికి నిలుచు కట్టడము ఐదు లంకెల గొలుసువంటిదట. ఆ ప్రాంతపు గాలి స్వభావ మొకటి. నేల గరుకుదనము రెండు. కట్టడపు ఆకారము మూడు. దాని ఊపు నాలుగు. ఎంతవరకు ఓర్వవచ్చునను నిర్ణయము ఐదు. గొలుసు బలము దాని బలహీనమైన లంకెయొక్క బలమే. నాలుగు లంకెలను ఉక్కుతో చేసి ఐదవదానిని నూలుదారముతో కట్టినచో ఫలమేమి? ఈ యుపమానమునకు 2011లో అంతర్జాతీయ గాలి ఇంజనీరింగు సంఘమువారు ఆయన పేరే పెట్టిరి.

ఇంతవరకు మేము పుస్తకముల నానందముతో చదివితిమి. ఒకనాటి రాత్రి మరియొక సంగతి చదివి, దీపము ఆర్పియు నిద్రపోలేకపోతిమి. ఆకాశమంటు మేడలను పరీక్షించిన ఆ ఆచార్యుడే 1970 తరువాతి సంవత్సరములలో సహచరులతో గూడి పొట్టిషెడ్లను, రేకుల గోదాములను సొరంగములో పెట్టి కొలిచెను. గాలిచేత ప్రజలు నష్టపోవునది గొప్పమేడలలో కాదు, ఇట్టి సామాన్యపు కప్పులక్రిందనే. ఆ కొలతల సారము ఇది: కప్పుపై పీల్పు అంతటను సమముగా నుండదు. అంచులయందు హెచ్చు, మూలలయందు మిక్కిలి హెచ్చు. మూలకు ఏటవాలుగ తగిలిన గాలి సుడులు సుడులుగా చుట్టుకొని అచ్చట కప్పును పట్టి పీల్చును. టెక్సస్‌లోని లబ్బక్ పట్టణమున భారతీయుడగు ఆచార్య కిశోర్ మెహతాగారి బృందమువారు నిజమైన షెడ్డునే పట్టాలపై తిరుగునట్లు కట్టి, నిజమైన గాలిలో కొలతలు తీసిరి. అచ్చటను మూలల కథ ఇదియే.

మేము కాగితము తీసి మా షెడ్డు లెక్క కట్టితిమి. గంటకు 60 కిలోమీటర్ల గాలి చదరపు మీటరుపై సుమారు 17 కిలోల బలమును చూపును. వేగము రెట్టింపై 120 అయినచో బలము రెట్టింపు కాదు, నాలుగు రెట్లై 68 కిలోలగును. పదడుగుల రేకు బరువు పదునాలుగు, పదునైదు కిలోలు. అరవై కిలోమీటర్ల గాలికే మూలరేకును పైకి లాగు బలము తొంబది కిలోలకు పోగలదు. “ఇంత బరువున్న రేకు” అని మా నాయన యన్న మాట గాలియెదుట ఏపాటిది? పైగా ఆనాడు పడమటి పరదాలు పోయినవి, తూర్పు పరదాలు దిగియున్నవి. లోపల దూఱిన గాలికి బయటికి దారి లేక, సంచిలో ఊదినట్లు కప్పును క్రిందినుండి ఎత్తినది. పైనుండి పీల్పు, క్రిందినుండి ఎత్తు, మూలకు రెండు రంధ్రముల కొక కొక్కెము. ఇక నిలుచు టెట్లు?

ఆ మేస్త్రి ఏ సొరంగమును చూడలేదు. కాని ఆచార్యుని కొలతలు చెప్పిన మాటనే ఆయన మా షెడ్డుమీద నిలువబడి చెప్పెను. మేము విన్నాము. ఆయనను దోషిగా నిలిపిన నాడు నోరు మెదపలేదు. పుస్తక మేమో మాకు శాస్త్రము నేర్పుచున్నట్లుండెను. నిజమునకు మా తప్పును చదివి వినిపించినది.

మరుసటి ఆదివారము ఆయన యూరికి పోతిమి. మా నాయన అప్పటికి గతించి రెండేండ్లయినది. మేస్త్రి వృద్ధుడై వేపచెట్టుక్రింద మంచముపై కూర్చుండియుండెను. మేమెవరమో చెప్పి, ఆనాటి నూటయిరువది రూపాయలకు ఇన్నేండ్ల వడ్డీ కట్టి తెచ్చిన సొమ్మును ఆయనముందర పెట్టితిమి. ఆయన దానివైపు చూడలేదు.

“పైసల సంగతి నేనెప్పుడో మరిచిపోయిన సారూ. కాని ఆ యేడు ఈ చుట్టుపక్కల నాకు పని దొరకలే. రేకు బిగించరాని మేస్త్రి అని పేరు పడ్డది. పిల్లగాండ్లను తీసుకొని పట్నం పోయి సున్నం మోసిన.”

మాకు మాట రాలేదు. కొంతసేపటికి డావెన్‌పోర్టుగారినిగూర్చి, ఆ సొరంగమునుగూర్చి చెప్పితిమి. వృద్ధుని కన్నులు చిన్నవై వెలిగినవి.

“ఆ దొర బొమ్మలు చేసి చూసిండా? నేను ఎగిరిపోయిన కప్పులు చూసిన. ఎక్కడ చూసినా ముందు మూలనే పోతది. ఆయన తెలుసుకున్నది ఒకటే, నేను తెలుసుకున్నది ఒకటే. ఆయన మాట దేశమంత ఇన్నది. నా మాట మీ నాయన ఇనలే.”

సొమ్మును మా చేతిలోనికే త్రోసి, “ఇది నాకొద్దు. ఆ మాట మీ ఊర్ల నలుగురి ముందట చెప్పు” అనెను.

మేము చెప్పితిమి. ఆ నలుగురు పెద్దలలో ఒకరే బ్రదికియుండిరి. ఆయనకును ఊరివారికిని రచ్చకట్టయొద్ద జరిగినది జరిగినట్లు చెప్పితిమి. మేస్త్రి మరి రెండు వేసవులు చూచి మరణించెను. ఆయన మనుమడు నేడు మా ప్రాంతమున షెడ్లు కట్టుచున్నాడు. మూలలకు కొక్కెములు దగ్గరదగ్గరగా వేయును. ఎవరైన వద్దన్నచో పని వదలి వచ్చును.

చదువరులారా, మన ప్రాంతము మారినది. ద్రాక్షపందిళ్లున్న చోట మేడలు లేచినవి. వలయరహదారి మేడ్చలును శామీర్‌పేటను కలుపుకొని పోవుచున్నది. శామీర్‌పేటలో ఇంజనీరింగు విద్యాలయము, న్యాయవిశ్వవిద్యాలయము వెలసినవి. పదియంతస్తుల భవనముల నడుమనున్న సందులలో గాలి ఇరుకున పడి వేగము హెచ్చించుకొనును. పైనుండి మేడముఖమునకు తగిలిన గాలి క్రిందికి జారి బాటసారిని త్రోయును. కనుక గాలిశాస్త్రమునకు మన గడపయొద్దనే పని యున్నది. భారత ప్రమాణసంస్థవారి గాలి నియమములు 1987లో సవరింపబడి, 2015లో మరల సవరింపబడినవి. వానిప్రకారము హైదరాబాదునకు మూలవేగము సెకనుకు 44 మీటర్లు, అనగా గంటకు సుమారు 158 కిలోమీటర్లు. విశాఖపట్టణమునకు 50 మీటర్లు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖను తాకినప్పుడు గాలి యేమి చేయగలదో తెలుగువారందఱు చూచిరి. సముద్రమునకు దూరముగా నున్నామని మనము నిశ్చింతగా నుండరాదు. వేసవి ఉఱుముమేఘమునుండి చల్లబడిన గాలి ఒక్కుమ్మడి క్రిందికి పడి నేలపై నలుదిక్కుల పరచుకొనును. మా షెడ్డును తీసికొనిపోయినది అట్టి గాలియే.

ఉత్తరదేశమున రూర్కీలో ఆచార్య ప్రేమకృష్ణగారు ఈ శాస్త్రమును మన దేశమున నాటిరి. 1995లో ప్రపంచపు గాలి ఇంజనీర్ల తొమ్మిదవ మహాసభ ఢిల్లీలో జరిగినది. మన తెలుగుపిల్లలలో నొకడో, ఒకతెయో ఆ బాట నడచి, మన పొట్టిషెడ్లకు, పూరిండ్లకు తగిన పనితనము కనుగొందురని మా కోరిక. అందులకు గొప్ప పరికరములు మొదటనే అక్కరలేదు. కాగితపుముక్క, పతంగి, చెఱువుకట్ట చాలును.

పెద్దలకు మా మనవి రెండు మాటలు. చైత్రము రాకమునుపే మీ రేకులకప్పు మూలలు చూచుకొనుడు. వదులైన బోల్టులను బిగింపుడు, తుప్పుపట్టినవానిని మార్పుడు. కప్పుమీద రాళ్లు పెట్టుట రక్ష కాదు. రేకు లేచిననాడు ఆ రాయియే తలపై పడును. పనివాడు ఒకమాట రెండుమార్లు చెప్పినచో, డబ్బు లెక్కకు ముందు ఆ మాటను లెక్కింపుడు.

పిల్లలకు ఒకటే మాట. నిజము మీకు తెలిసినప్పుడు, మిమ్ము ఎవ్వరు నడుగకపోయినను చెప్పుడు. మేము ఆ సాయంకాలము చెప్పియున్నచో ఒక మంచి పనివాడు తన విద్య విడిచి పట్టణమున సున్నము మోయవలసివచ్చెడిది కాదు. ఆయన నలుగురి ముందర చెప్పుమనెను. ఈ సంచిక మా యూరివారి యిండ్లకును, చుట్టుపట్ల గ్రామముల యిండ్లకును పోవును. అందుచేత ఆ మాటను ఇచ్చట మరల చెప్పుచున్నాము: ఆ మేస్త్రి బిగింపు తప్పు కాదు, తప్పు మాది.